జంట పడవకు హాల్ టికెట్

పక్షులు గుడ్లు పెట్టే చోట యంత్రాల చప్పుడు ఉండకూడదని ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. మంచి ఉత్తర్వే. దానితో చుక్కలదిబ్బ చుట్టూ మోటారు పడవలన్నీ ఆగిపోయాయి. చుక్కలదిబ్బ సముద్రం పక్కన ఉన్న లంక. దాని మీద మూడు వందల గడప ఉంది. ఆసుపత్రి పడమటి ఒడ్డున కోటరేవులో ఉంది. మధ్యలో ఎనిమిది మైళ్ళ ఉప్పునీరు. దిబ్బ మీద మనుషులు కూడా పిల్లల్ని కంటారని ఎవరో అర్జీ పెట్టుకుంటే, తమ పరిధిలోకి గుడ్లు మాత్రమే వస్తాయనీ, కాన్పులు రావనీ జవాబు వచ్చింది.

అంతమాత్రాన ప్రభుత్వానికి గుండె లేదనడం అన్యాయం. తెరచాపతో జోరుగా నడిచే పడవ ఒకటి దిబ్బకి ఇవ్వాలని అనుకుంది. ఒక పడవతో నడిచేదా, రెండు సన్నని పడవల్ని పక్కపక్కన బిగించి మధ్యలో బల్ల పరిచినదా, ఏది ఎక్కువ జోరైనదో తేల్చడానికి ‘తీరప్రాంత తెరచాప వేగ నిర్ధారణ సంఘం’ వేసింది. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. సంఘం ఏమనుకుంటే అది రాయడం నా పని. నేను ఏమనుకున్నానో ఎవరూ అడగలేదు, కనక ఇక్కడ రాస్తున్నాను.

మా అధ్యక్షులు నేమాని విశ్వపతి గారు. సముద్రంతో ఆయన పరిచయం పౌర్ణమి స్నానం దాకానే. కానీ ముప్పై ఏళ్ళు పరీక్షలు జరిపించిన మనిషి. ఆయన హయాంలో ఒక్క కాపీ చీటీ కూడా గోడ దాటలేదని చెప్పుకుంటారు. సాంకేతిక సభ్యులు డాక్టర్ త్రివిక్రమం గారు వేగం మీద చాలా పుస్తకాలు చదివారు. పడవెక్కితే తల తిరుగుతుందని ఒడ్డునే ఉండి సలహా ఇస్తారు.

ఫాల్గుణ మాసంలో మొదటిసారి దిబ్బకి వెళ్ళాం. అప్పటికే ఇద్దరు పనివాళ్ళు సంఘం మంజూరు చేసిన కర్రతో రెండు పడవలు కట్టి ఒడ్డున సిద్ధంగా ఉంచారు. ఒంటి పడవ ఓలేటి గురువులుది. జంట పడవ లంకె తాతబ్బాయిది. గురువులు చెల్లెలు సూరమ్మ తాతబ్బాయి భార్య. గురువులు కూతురు నాగమణి తాతబ్బాయి రెండో కొడుకు భార్య. కాబట్టి బావా బావమరుదులు వియ్యంకులు కూడా. పడవల విషయంలో మాత్రం ఒకరంటే ఒకరికి పడదు.

“మాదండీ, అడుగున నాలుగొందల కిలోల సీసం ఏలాడతా ఉంటాది,” అన్నాడు గురువులు. “గాలి గట్టిగా కొడితే ఒరుగుద్దిగానీ పడదు. ఒకేళ పడినా మళ్ళీ లెగుద్ది. ఎదురుగాలికి అలల్ని కోసుకుంటా పోద్దండి.”

“మా బావది పేరంటానికెళ్ళే పెద్దింటావిడ నడకండి, ఒంటినిండా బరువే,” అన్నాడు తాతబ్బాయి. “ఒంటి పడవ ఉరికితే దాని ముక్కు దగ్గర లేచిన అలే దానికి అడ్డం పడతాది. మాది రెండూ సన్నం. చీల్చుకుని పోతాయి. మధ్యన పన్నెండడుగుల ఎడం ఉంది సూశారా, నిలబెట్టేది అదే. సీసం అక్కర్లేదు.”

“బరువేస్తే సతికిలబడుద్దని కూడా సెప్పు బావా. తిరగబడితే ఇంక లెగదని సెప్పు. దాచుకోకు.”

“సెప్తున్నాగా! బరువెయ్యకూడదండి. ఆయ్.”

త్రివిక్రమం గారు తల పంకించారు. ఈ సంగతులే తాను మూడో పుస్తకంలో చదివానని నాతో అన్నారు.

“ఓ నాలుగు రోజులు రెండూ నీళ్ళలో తిప్పి సూడండి, తేలిపోద్ది,” అన్నాడు గురువులు.

విశ్వపతి గారి ముఖం కందగడ్డయింది. “తిప్పి చూడడమంటే పోటీ. మనం చేయవలసినది మూల్యాంకనం. అభ్యర్థులిద్దరికీ సమాన పరిస్థితులు కల్పించకుండా ఫలితం ప్రకటిస్తే రేపు ఎవరైనా ఆక్షేపిస్తే ఏమిటి సమాధానం?”

గురువులు అసలు మాట చెప్పాడు. “బాబూ, నా కూతురికి మూడో నెలండి. భాద్రపదానికి నిండుతాయి. కిందటేడు మా బావ పెద్దకోడల్ని సరుకు నావలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాలుగున్నర గంటలు పట్టింది. ఒడ్డుకి సేరేసరికి బిడ్డ లేడు. ఏదో ఓటి మాకియ్యండి, బేగా.”

“ఆరు నెలలు ధారాళమైన గడువు,” అన్నారు విశ్వపతి గారు. ఆ మాటే నేను నమోదు చేశాను.

చైత్రంలో పడవలకి హాల్ టికెట్లు ఇచ్చాం. నంబరు, సంతకం, ఫోటో. జంట పడవకి రెండు ముక్కులున్నాయి కాబట్టి రెండు ఫోటోలు అంటించాలా అనే సందేహం వచ్చి పైకి రాశాం. పదహారు రోజులకి జవాబొచ్చింది. ఫోటో ఒకటే చాలు, ముక్కులు మాత్రం రెండూ స్పష్టంగా కనిపించాలన్నారు. ఫోటోగ్రాఫర్‌ని మళ్ళీ పిలిపించాం.

వైశాఖంలో బరువు సమస్య తలెత్తింది. ఒక అభ్యర్థి దగ్గర నాలుగు వందల కిలోల సీసం ఉంది, రెండో అభ్యర్థి దగ్గర ఏమీ లేదు.

“ఒకరికి లాగరిథమ్ పట్టికల పుస్తకం ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం లాంటిది ఇది,” అన్నారు అధ్యక్షులు. “ఇద్దరికీ ఇవ్వాలి.”

సీసం దొరకలేదు కాబట్టి జంట పడవ బల్ల మీద నాలుగు వందల కిలోల ఇసుక బస్తాలు పేర్చి తాళ్ళతో బిగించారు. పడవ అంచుల దాకా నీళ్ళలోకి దిగిపోయింది. తాతబ్బాయి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మునిగిన అంచుని చేత్తో తడిమాడు. గురువులు బావని ఆటపట్టించడానికి నోరు తెరిచాడు గానీ, అతని ముఖం చూసి మూసేసుకున్నాడు.

జ్యేష్ఠంలో గురువులు వంతు వచ్చింది. జంట పడవ వెడల్పు పన్నెండడుగులు. ఒంటి పడవ వెడల్పు అయిదు. ఉన్న మార్కులు తగ్గించడం మా అధ్యక్షుల సిద్ధాంతానికి విరుద్ధం, తక్కువ ఉన్నవాళ్ళకి కలపడమే సంప్రదాయం. ఒంటి పడవకి అడ్డంగా వెదుళ్ళు కట్టి, అటొకటి ఇటొకటి ఖాళీ పీపాలు బిగించి, పన్నెండడుగులు చేశాం. దానితో అది ఒరగడం కూడా మానేసింది. ఒరగడం ఒక అభ్యర్థికి మాత్రమే ఉన్న అదనపు సౌకర్యమని త్రివిక్రమం గారు అప్పటికే ఒక లేఖ రాసి ఉన్నారు. ఒకే దెబ్బకి రెండు సమస్యలు తీరాయి.

“ఇప్పుడు నాదేటండి బాబూ? ఒంటిదా, మూడింటిదా?” అన్నాడు గురువులు.

“దీన్ని మేము సమన్వయ నమూనా అంటాం,” అన్నారు త్రివిక్రమం గారు.

తెరచాపలు కూడా ఒక కొలతకి కత్తిరించాం. రెంటిలో చిన్నదాన్ని ప్రమాణంగా తీసుకుందామంటే, చిన్నదాని యజమానికి అది అనుకూలమవుతుందని అభ్యంతరం వచ్చింది. అందుకని రెంటికంటే చిన్నది ప్రమాణంగా తీసుకున్నాం. నాగమణి ఆ కత్తిరించిన గుడ్డముక్కలు పోగుచేసుకుని పట్టుకెళ్ళింది. పుట్టబోయే బిడ్డకి పక్కబట్టలు అవుతాయంది. సంఘం వల్ల దిబ్బకి అందిన మొదటి ప్రయోజనం అదే.

మిగిలింది గాలి. రెండు పడవలకీ ఒకే గాలి అందాలి. ముందున్న పడవ మీద వాలిన గాలి వెనక పడవకి సరిగ్గా అందదని త్రివిక్రమం గారు చెప్పారు. అయితే వేరువేరు రోజుల్లో నడుపుదామన్నారు అధ్యక్షులు. రోజుకో గాలి వీస్తుందన్నారు త్రివిక్రమం గారు. వాతావరణ శాఖకి ఉత్తరం రాసి రెండు రోజులు ఒకే గాలి వీచేలా చూడమందామా అని అధ్యక్షులు కొంచెంసేపు నిజంగానే ఆలోచించారు. చివరికి రెండు పడవల్నీ పక్కపక్కన పెట్టి, ఒకటి ముందుకి పోకుండా ముక్కుకి ముక్కు, తోకకి తోక తాడు కట్టాలని తీర్మానించాం.

“బాబూ, రెంటికీ తాడు కడితే ఏది ముందెళ్ళిందో ఎలా తెలుస్తాదండి?” అని అడిగాడు తాతబ్బాయి.

“పరీక్షా విధానాన్ని అభ్యర్థులు ప్రశ్నించకూడదు,” అన్నారు విశ్వపతి గారు.

ఆషాఢంలో పరీక్ష జరిగింది. చుక్కలదిబ్బ నుంచి కోటరేవు దాకా ఎనిమిది మైళ్ళు, తొమ్మిది గంటలు పట్టింది. రెండు పడవలూ సరిగ్గా ఒకే క్షణంలో ఒడ్డు తాకాయి. విశ్వపతి గారి కళ్ళు చెమర్చాయి. పరీక్ష ఎంత నిష్పాక్షికంగా జరిగిందో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలన్నారు. పాత సరుకు నావ అదే దూరం నాలుగున్నర గంటల్లో దాటుతుందని నేను మెల్లగా మనవి చేశాను. సరుకు నావ అభ్యర్థి కాదు కాబట్టి దాని వేగం అప్రస్తుతమన్నారు.

ఇద్దరికీ సమానంగా మార్కులు వచ్చాయి, ఒక పడవే ఇవ్వాలి. కాబట్టి సప్లిమెంటరీ పరీక్ష పెట్టాలి. భాద్రపద శుద్ధ దశమి, ఉదయం పది గంటలకి. అందాకా ఎవరూ పడవల్ని ముట్టుకోకుండా వెనక్కి తెచ్చి, గొలుసు వేసి, లక్క సీలు కొట్టి దిబ్బ ఒడ్డున ఉంచాం. ప్రశ్నపత్రాలు కూడా అలాగే భద్రపరుస్తారు.

దశమి నాడు తొమ్మిదిన్నరకి నేను సీళ్ళు తీసి, ఇన్విజిలేటరు హోదాలో జంట పడవ బల్ల మీద, ఇసుక బస్తాల మధ్య కూర్చున్నాను. ఒడ్డున అధ్యక్షులు స్టాప్ వాచీతో నిలబడ్డారు. అప్పుడు సూరమ్మ పరుగున వచ్చింది. వెనకాల ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద చేతులు వేసి నాగమణి నడుస్తోంది. ఆమె భర్త చేపల వేటకెళ్ళి ఉన్నాడు. తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి.

“బాబూ, తాళ్ళిప్పండి. పిల్లని ఒడ్డుకి తీసుకెళ్ళాల,” అన్నాడు గురువులు.

“తప్పకుండా,” అన్నారు విశ్వపతి గారు. ఆయన చెడ్డవాడు కాదు. “పరీక్ష ఎలాగూ పది గంటలకి ఉంది. ప్రయాణికురాలి బరువెంతో రాయించండి. అంతే బరువు ఇసుక రెండో పడవలో వేయించాలి. తక్కెడ ఎక్కడుంది?”

తక్కెడ కోసం ఒక మనిషి దుకాణానికి వెళ్ళాడు. ఈలోగా త్రివిక్రమం గారు, ఆమె బరువుని ఒక వ్యక్తిగా లెక్కించాలా, ఒకటింబావుగానా అని అడిగారు. దాని మీద చర్చ మొదలైంది.

నాగమణి ఒక నొప్పి పంటి బిగువున ఓర్చుకుని తల ఎత్తింది. “అయ్యా, మీ అమ్మగారు మిమ్మల్ని కనేటప్పుడు కూడా తక్కెడ తెచ్చారాండి?”

విశ్వపతి గారు నిబంధనల కాగితం తిరగేశారు.

గురువులు నడుముకి దోపుకున్న, కర్ర చెక్కే బాడిస తీసి, రెండు పడవల్నీ కలిపిన తాళ్ళు తెగ్గొట్టాడు. ఆయన తన పడవవైపు వెళతాడనుకున్నాను. అది తన రెండు చేతులతో చేసిన పడవ. కానీ దాని వంక చూడనైనా చూడకుండా బావ పడవలోకి దూకి, బస్తాల తాళ్ళు కోసి, ఒక్కొక్క బస్తా నీళ్ళలోకి తోసెయ్యడం మొదలెట్టాడు. కత్తిరించని పాత తెరచాప ఇంట్లో దాచిపెట్టినట్టున్నారు, ఎవరో మోసుకొచ్చారు. బస్తా బస్తాకీ పడవ పైకి తేలుతోంది. నాగమణిని, సూరమ్మని ఎక్కించారు. తాతబ్బాయి చుక్కాని పట్టాడు. నేను దిగాలని లేచేసరికి దిగడానికి ఒడ్డు లేదు.

“నిబంధన ఏడు! నిబంధన ఏడు!” అని విశ్వపతి గారి కేక వినిపించింది. ఆ తర్వాత అది కూడా వినిపించలేదు.

ఏడు నెలలు వేగం గురించి మినిట్స్ రాశాను గానీ వేగం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. గాలి ఎడమ పక్కనించి తగిలింది. రెండు సన్నని పడవలూ నీళ్ళ మీద ఆనీ ఆననట్టు పోతున్నాయి. కాళ్ళ కింద బల్ల సన్నగా మోగుతోంది. దిబ్బ చూస్తూండగానే గీతలా అయిపోయింది. ముందు నాకు భయం వేసింది. తర్వాత, ఈ పడవ నెత్తినే కదా మేం ఇసుక పోశామని సిగ్గు వేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

సగం దూరం దాటాక బిడ్డ ఇంక ఆగలేదు. నేను ముఖం అటు తిప్పుకున్నాను. “గుమస్తా బాబూ, గట్టి దారవేదైనా ఉందా?” అని అరిచింది సూరమ్మ. నా దగ్గరున్నది దస్త్రం కట్టుకునే నాడా ఒక్కటే. ఇచ్చేశాను. బొడ్డు దానితోనే కట్టింది. కాసేపటికి ఏడుపు వినిపించింది. చుక్కాని పట్టుకున్న తాత ఏడుస్తున్నాడు, తెరచాప తాడు పట్టుకున్న తాత ఏడుస్తున్నాడు, బిడ్డ అందరికన్నా గట్టిగా ఏడుస్తోంది. నాడా విప్పిన దస్త్రంలోంచి కాగితాలు గాలికి ఎగిరిపోతూంటే నేను పట్టుకోలేదు.

యాభై రెండు నిమిషాల్లో కోటరేవు చేరాం. ఆసుపత్రిలో నర్సు నాడా చూసి మమ్మల్నందర్నీ కలిపి తిట్టి, దాని చోట క్లిప్పు పెట్టింది. తల్లికి రక్తం బాగా పోయిందనీ, ఇంకో గంట ఆలస్యమైతే తాను చేయగలిగింది ఏమీ ఉండేది కాదనీ చెప్పింది. గురువులు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. తాతబ్బాయి పక్కనే కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ పడవల మాట ఎత్తలేదు.

ఆ శుక్రవారం సంఘం సమావేశమైంది. యాభై రెండు నిమిషాలనే అంకె చూసి త్రివిక్రమం గారు ఉద్వేగపడ్డారు. అధ్యక్షులు మాత్రం హాజరు పట్టీ తెరిచారు.

“జంట పడవ బయలుదేరినప్పుడు అయిదుగురు. చేరినప్పుడు ఆరుగురు. మార్గమధ్యంలో అదనపు ప్రయాణికుణ్ణి చేర్చుకోవడం నిబంధన పదకొండుకి విరుద్ధం.”

“బిడ్డ బరువు మొదటినుంచీ పడవలోనే ఉందండీ,” అన్నారు త్రివిక్రమం గారు. “భౌతికశాస్త్ర రీత్యా మొత్తం మారలేదు.”

“బరువుతో నాకు పేచీ లేదు. హాజరు మారింది. హాల్ టికెట్ లేకుండా ఒక వ్యక్తి పరీక్ష మధ్యలో లోపలికి వచ్చాడు.”

“వచ్చిందండి,” అన్నాను. “ఆడపిల్ల.”

“వచ్చింది అని రాయండి,” అన్నారు.

తీర్మానం నేనే రాశాను. ప్రయాణం చెల్లదు. అయితే జంట పడవ అభ్యర్థికి కాన్పుతో కూడిన ప్రయాణం చేసే అవకాశం లభించినందున, ఒంటి పడవ అభ్యర్థికి కూడా అదే అవకాశం కల్పించవలసి ఉన్నది. కావున దిబ్బలో ఇంచుమించు అంతే బరువు గల, తొలి కాన్పు స్త్రీలు ఎవరైనా ఉన్నచో వివరాలు పంపవలెను. కాన్పు సాధ్యమైనంతవరకు నాలుగో మైలు దాటిన తరువాత జరుగునట్లు చూడవలెను. అందాకా రెండు పడవలకూ బరువులు, పీపాలు యథాస్థానంలో బిగించి, తిరిగి సీలు చేయవలెను.

ఈ కాగితం, లక్క, కొవ్వొత్తి, ముద్ర పట్టుకుని నేను సరుకు నావలో నాలుగున్నర గంటలు ప్రయాణం చేసి దిబ్బకి వెళ్ళాను. నావవాడు నన్ను దింపి, పక్క దిబ్బలో కొబ్బరికాయలు ఎక్కించుకోవాలనీ మర్నాడు గానీ రాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

గురువులు, తాతబ్బాయి ఎదురు చెప్పలేదు. ఇసుక, పీపాలు మళ్ళీ ఎక్కించే సంగతి నేను ఎత్తలేదు. గొలుసులు వేసి, లక్క కరిగించి, రెండు పడవలకీ ముద్ర కొట్టాను. కాగితం చదివి వినిపించాను. సూరమ్మ మనవరాలిని భుజాన వేసుకుని విన్నది.

“తొలి కాన్పుంటే సెప్పాలా?” అంది. “ఉంది బాబూ. మా తోటికోడలి కూతురు లీలావతికి ఎనిమిదో నెల. మరి దానికి నొప్పులొస్తే సీలు తియ్యడానికి నువ్వొత్తావా, నిన్ను పిలవడానికి మేం ఈదుకుంటా రావాలా?”

నేను కాగితం మడత పెట్టాను, మళ్ళీ విప్పాను. అది నేను రాసిన కాగితమే.

“సర్లెండి,” అన్నాడు గురువులు. “మీరు ఒడ్డుకెలా ఎళ్తారు ఇప్పుడు?”

అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. ఎనిమిది మైళ్ళ నీరు, ఎదురుగా రెండు పడవలు, రెంటికీ నేను కొట్టిన సీళ్ళు. లక్క ఇంకా వెచ్చగానే ఉంది.

“ఏది దింపమంటారండి?” అన్నాడు.

“ఏది తొందరగా వెళితే అది,” అన్నాను.

గురువులు నీళ్ళకేసి ఒకసారి, గాలికేసి ఒకసారి ముఖం తిప్పాడు. “ఇయ్యాల పడమటి గాలి, మొహాన కొడతంది. అలలున్నాయి. నా ఒంటిదాన్లో ఎళ్దాం.”

“అవునండి, ఇయ్యాల బావదే,” అన్నాడు తాతబ్బాయి. “ఆ రోజు దక్షిణపు గాలి, పక్కనించి కొట్టింది. అందుకే నాదెక్కాడు. ఇక్కడికి రెండూ కావాలండి.”

ఏడు నెలలు, ఇరవై మూడు సమావేశాలు. “ఈ ముక్క ముందే చెప్పలేకపోయారా?” అన్నాను.

“మీరు ఏది గొప్పదని అడిగారండి,” అన్నాడు గురువులు. “ఎప్పుడేది మంచిదని ఎవరూ అడగలేదు గదండీ.”

నేను వంగి ఒంటి పడవ సీలు పగలగొట్టాను. నా ప్రయాణానికి అదొక్కటే చాలు. తర్వాత జంట పడవ దగ్గరికి వెళ్ళి దాని సీలూ పగలగొట్టి, రెండు గొలుసుల తాళంచెవులూ సూరమ్మ చేతిలో పెట్టాను.